యంత్రమునకు కళ్ళెము: ఆచార్య ఆరెల్ స్టొడోలా చరిత్ర

ప్రతి చెఱువునకును తూము ఒకటి, కలుజు ఒకటి ఉండును. పైరునకు కావలసిన నీటిని కొలిచి విడుచునది తూము. కుంభవృష్టి కురిసి నీరు కట్ట యంచు దాక వచ్చినపుడు, తూము తలుపు బిగిసికొని పోయినను, కావలివాడు నిద్రించుచున్నను, ఎవరి యాజ్ఞకును ఎదురు చూడక అదనపు నీటిని వెలికి పంపి కట్టను కాపాడునది కలుజు. కొన్ని సీమలలో దీనినే అలుగు అందురు. తూము ఎంత గట్టిదైనను, కలుజు వలదని తలచిన పెద్దలు లేరు. ఏలయన, కట్ట తెగినచో పోవునది నీరు మాత్రమే కాదు; దిగువనున్న ఊళ్ళును పోవును.

విద్యుచ్ఛక్తిని పుట్టించు మహాయంత్రములకును ఇట్టి తూమును, ఇట్టి కలుజును కావలెను. యంత్రము ఎంత వేగముతో తిరుగవలెనో అంత వేగముతోనే తిరుగునట్లు చూచు నియామకము మొదటిది. ఆ నియామకము తప్పిపోయినపుడు యంత్రమును నిలిపివేయు రక్షణము రెండవది. యంత్రముల నడవడిని ఊహకు వదలక, లెక్కకు తెచ్చి, లోకమునకు బోధించిన వారిలో అగ్రగణ్యుడు ఆచార్య ఆరెల్ స్టొడోలా. ఆయన చరిత్ర పల్లెలలోని పాఠకులును తెలిసికొనదగినది.

స్టొడోలా 1859వ సంవత్సరము మే నెల 11వ తేదీన లిప్టోవ్‌స్కీ మికులాష్ అను చిన్న పట్టణమున జన్మించెను. టాట్రా పర్వతముల చెంత, వాహ్ నది యొడ్డున నున్న ఆ పట్టణము నాడు హంగేరీ రాజ్యములోనిది; నేడు స్లొవాకియా దేశములోనిది. తండ్రి తోళ్ళు పదనుచేయు కర్మాగారము నడుపుచుండెను. ఇంటిలో మాటలాడునది స్లొవాక్ భాష. ప్రభుత్వమువారి భాష వేఱు. పెద్ద చదువులు చదువవలెనన్న పరభాషలే శరణ్యములు. ఈ కష్టమును ఆ యింటి బిడ్డలు మఱచిపోలేదు. ఆరెల్ సోదరులైన ఎమిల్, కొర్నెల్ అనువారు తరువాతి కాలమున స్లొవాక్ ప్రజల పక్షమున రాజకీయములలో పాటుపడిరి. ఆరెల్ యంత్రశాస్త్రమును వరించి పరదేశమున స్థిరపడినను, మాతృభాషను, జన్మభూమిని విడనాడలేదు.

బుడాపెస్టు సాంకేతిక విద్యాలయమున కొంతకాలము చదివి, ఆయన స్విట్జర్లాండు దేశములోని జ్యూరిచ్ నగరమునకు పోయెను. అచ్చటి సాంకేతిక విద్యాలయము నాటికే ఐరోపాలో పేరొందినది. అందు యంత్రశాస్త్రమున ఉన్నతమైన యోగ్యతతో ఉత్తీర్ణుడై, వెంటనే గ్రంథములతో కాలము గడపక, కర్మాగారములలో ప్రవేశించెను. బుడాపెస్టులోని రైల్వే యంత్రాగారమునందును, పిదప ప్రేగ్ నగరములోని రస్టన్ కంపెనీయందును పనిచేసి, ఆవిరి యంత్రముల నిర్మాణమున చేయి తిరిగినవాడయ్యెను. ఇనుము ఎక్కడ అరుగునో, కవాటము ఎప్పుడు బిగిసికొనునో, పనివాని యెదుట నిలిచి నేర్చుకొనెను. ఈ యనుభవమే తరువాత ఆయన బోధనకు ప్రాణమైనది.

1892లో జ్యూరిచ్ విద్యాలయము ఆయనను ఆచార్యునిగా పిలిచెను. అప్పటికి ఆయన వయస్సు 33 సంవత్సరములు. నాటినుండి 1929లో విశ్రాంతి గైకొనువఱకు, 37 సంవత్సరములు, ఆయన ఆ పీఠమును విడువలేదు.

ఆచార్యుడైన క్రొత్తలోనే ఆయన యెదుట నిలిచిన సమస్య వేగనియామకము. పాత బియ్యపు మరలలోని నూనె ఇంజనులను చూచినవారికి ఇది సులభముగ బోధపడును. ధాన్యము ఎక్కువ పోసినపుడు ఇంజను బరువెక్కి నెమ్మదించును. ధాన్యము అయిపోయినపుడు ఒక్కసారిగ పరుగెత్తును. ఈ హెచ్చుతగ్గులను సరిదిద్దుటకు గవర్నరు అను సాధనము కలదు. దాని యందు రెండు గుండ్లు ఇరుసుతోపాటు గిరగిర తిరుగుచుండును. వేగము పెరిగినచో గుండ్లు వెలుపలికి జరిగి, కవాటమును మూయును. వేగము తగ్గినచో లోపలికి వచ్చి, కవాటమును తెఱచును. 1788 ప్రాంతమున జేమ్స్ వాట్ దీనిని ఆవిరి యంత్రమునకు అమర్చెను.

చూచుటకు ఇది నిర్దోషమైన ఏర్పాటు. కాని పెద్ద యంత్రములలో ఒక వింత కనబడెను. వేగము కొంచెము పెరుగగనే గవర్నరు కవాటమును కావలసినదానికంటె ఎక్కువగ మూయును. వేగము పడిపోవును. అంతట కవాటమును ఎక్కువగ తెఱచును. వేగము మునుపటికంటె మీఱును. ఇట్లు ఊయెలవలె ఇటునటు ఊగుచు, ఊపు పెరిగి పెరిగి, శాంతింపజేయుటకు పెట్టిన సాధనమే కల్లోలమునకు కారణమగును. బెదరిన ఎద్దుల పగ్గమును తత్తరపాటుతో ఒకమాఱు గుంజి ఒకమాఱు వదలు బండివాడు బండిని పల్లమున దింపినట్లే ఇదియును.

స్విట్జర్లాండులో బొగ్గు మిక్కిలి తక్కువ. కొండలనుండి దుముకు నీరు కలదు. ఆ నీటిని పొడవైన గొట్టములగుండ దింపి చక్రములను త్రిప్పి విద్యుత్తును తీయుచుండిరి. గొట్టములోని నీరు బరువైనది. కవాటమును హఠాత్తుగ మూసినచో, పరుగెత్తుచున్న నీరంతయు ఒక్కుమ్మడిగ నిలువలేక గొట్టమును బ్రద్దలుకొట్ట జూచును. కావున నియామకము త్వరగను ఉండవలెను, తొందరపడకయు ఉండవలెను. 1893, 1894 సంవత్సరములలో స్టొడోలా ఈ విషయమునే పరిశోధించి ప్రకటించెను. నీటి జడత్వమును, చక్రపు బరువును, గవర్నరు ఆలస్యమును అన్నింటిని చేర్చి లెక్కగట్టగా ఏడవ ఘాతపు సమీకరణము ఏర్పడెను. యంత్రము స్థిరముగ నిలుచునా, ఊగిసలాడి చెడునా యని తెలియవలెనన్న ఆ సమీకరణపు మూలముల స్వభావము తెలియవలెను. దానిని తెలిసికొను మార్గము ఆయనకు దొరకలేదు.

ఇచ్చటనే ఆయన గుణము వెల్లడియైనది. ఆచార్య పదవిలో నున్నవాడు తనకు తెలియనిదానిని కప్పిపుచ్చుకొనుట లోకమున అరుదు కాదు. స్టొడోలా అట్లు చేయలేదు. అదే విద్యాలయమున, అదే 1892వ సంవత్సరమున గణితాచార్యుడుగ చేరిన అడాల్ఫ్ హుర్విట్జ్ కడకు పోయి, తన ప్రశ్నను ముందుంచెను. సమీకరణమును పూర్తిగ సాధింపకయే, దాని గుణకములను చూచి స్థిరత్వమును నిర్ణయింప వీలగునా యన్నది ఆ ప్రశ్న. హుర్విట్జ్ దానిని చేపట్టి, 1895లో సమాధానమును ప్రకటించెను. ఆ సూత్రమును దావోస్ పట్టణములోని జలయంత్రముల నియామకమునకు ఉపయోగించి ఫలితమును పొందిరి. ఇంగ్లండులో మాక్స్‌వెల్ 1868లోను, రౌత్ 1877లోను ఇదే బాటలో నడచిన సంగతి నాడు వీరికి తెలియదు. నేడు రౌత్, హుర్విట్జ్‌ల పేరులు రెండును కలిపి ఆ సూత్రమును ప్రపంచములోని ఇంజనీరింగు విద్యార్థు లందఱును చదువుచున్నారు. ఒక యంత్రశాస్త్రజ్ఞుడు వినయముతో వేసిన ప్రశ్నకు ఒక గణితశాస్త్రజ్ఞుడు శ్రద్ధతో ఇచ్చిన సమాధానము అది.

పిదప స్టొడోలా దృష్టి ఆవిరి టర్బైనుపై నిలిచెను. ముందు వెనుకలకు కదలు ముషలము ఇందు లేదు. ఆవిరి సన్నని ముఖములగుండ మహావేగముతో వెడలి, చక్రపు ఱెక్కలను తాకి త్రిప్పును. ఆ ముఖములో ఆవిరి ఎట్లు ప్రవర్తించునో వాదములు చాల ఉండెను. స్టొడోలా వాదములతో తృప్తి చెందక, ప్రక్కన చిన్న రంధ్రము గల సన్నని గొట్టమును ఆవిరి ముఖములోనికి చొప్పించి, అడుగడుగునను పీడనమును కొలిచెను. ధ్వనివేగమును మించిన ఆవిరిలో పీడనము ఒక్కసారిగ ఎగసి కొట్టు స్థలములు కలవని ఆ కొలతలు చూపెను. 1903లో ఆవిరి టర్బైనులపై ఆయన వ్రాసిన గ్రంథము వెలువడెను. కొలది కాలముననే అది ఇంగ్లీషు భాషలోనికి వచ్చెను. కూర్పు వెంట కూర్పుగ పెరిగి, ఆ శాస్త్రమునకు ప్రమాణగ్రంథమయ్యెను. తొలినాళ్ళలోనే అందు గ్యాసు టర్బైనుల భవిష్యత్తునుగూర్చియు ఆయన వ్రాసెను. 1908లో జర్మనీ ఇంజనీర్ల సంఘమువారు గ్రాషోఫ్ పతకముతో ఆయనను గౌరవించిరి.

ఆ గ్రంథములో తిరుగు చక్రముల దార్ఢ్యమునుగూర్చిన లెక్కలకు ముఖ్యస్థానము కలదు. తిరుగు చక్రమును చీల్చజూచు బలము వేగమునుబట్టి సరిసమానముగ పెరుగదు, వర్గముగ పెరుగును. వేగము నూటికి పది వంతులు పెరిగినచో ఆ బలము నూటికి ఇరువదియొక్క వంతులు పెరుగును. వేగము రెట్టింపైనచో బలము నాలుగు రెట్లగును. ఎంత గట్టి ఉక్కునకైనను ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటినచో చక్రము తునుకలై, గుండ్లవలె నలుదెసల దూసికొనిపోవును. దగ్గఱ నున్న పనివాని గతి చెప్పనక్కఱలేదు.

ఇట్టి యాపద ఎప్పుడు వచ్చును? విద్యుత్తు తీగ హఠాత్తుగ తెగినపుడు యంత్రమునకు మోయవలసిన బరువు ఉండదు. బరువు దిగిన యంత్రము క్షణములలో వేగమందుకొనును. గవర్నరు కవాటమును మూయవలెను. కాని గవర్నరు చెడియున్నచో? కవాటము తుప్పుపట్టి బిగిసియున్నచో? ఈ రెండు ప్రశ్నలకు సమాధానముగ ఇంజనీర్లు టర్బైనులకు మఱియొక రక్షణమును ఏర్పఱచిరి. ఇరుసులోనే స్ప్రింగుతో బిగించిన ఒక చిన్న మేకు ఉండును. సాధారణ వేగమునకు సుమారు నూటికి పది వంతులు మించగనే ఆ మేకు స్ప్రింగును గెలిచి వెలికి పొడుచుకొని వచ్చి, ఒక మీటను తన్నును. మీట జాఱగనే వేఱొక కవాటము టక్కున మూసికొనును. దానికి గవర్నరుతో పని లేదు; కావలివానితో పని లేదు. అదియే యంత్రమునకు కలుజు.

1914లో ఐరోపా మహాసంగ్రామము చెలరేగెను. యంత్రములు అన్నము పెట్టుటకు మాఱు ప్రాణములు తీయ మొదలిడెను. చేతులు తెగిన సైనికులు వేలకు వేలుగ ఆసుపత్రులకు చేరిరి. ఆ కాలమున ఫెర్డినాండ్ సావెర్‌బ్రూక్ అను శస్త్రవైద్యుడు జ్యూరిచ్‌లో ఉండెను. మిగిలిన మొండిచేతి కండరములలో రంధ్రము చేసి, అందు చిన్న కడ్డీ నుంచి, కండరపు శక్తితోనే కృత్రిమహస్తమును కదలించుట ఆయన యుద్దేశము. అందులకు తగిన యంత్రహస్తమును కల్పించు యత్నమున స్టొడోలా ఆయనకు సహకరించెను. వేల అశ్వబలముల యంత్రములకు లెక్కలు కట్టిన మేధ, ఒక వికలాంగుడు తన రొట్టెముక్కను తానే పట్టుకొనుటకు కావలసిన స్వల్పబలమును లెక్కగట్టుటకు వినియోగపడెను.

స్టొడోలా ఎంత పెద్ద ఆచార్యుడో అంత శ్రద్ధగల విద్యార్థి. ఆల్బర్టు అయిన్‌స్టయిను జ్యూరిచ్‌లో బోధించుచున్న కాలమున, తనకంటె ఇరువది సంవత్సరములు చిన్నవాడైన ఆయన ప్రసంగములను వినుటకు స్టొడోలా పడుచువారి నడుమ కూర్చుండెడివాడు. 1929లో స్టొడోలా విశ్రాంతి గైకొన్నపుడు అయిన్‌స్టయిను ఆయన గుణములను కొనియాడుచు వ్యాసము వ్రాసెను. విశ్రాంతి దినములలో స్టొడోలా తత్త్వవిచారమువైపు తిరిగి, ఇంజనీరు దృష్టినుండి లోకమును చూచుచు ఒక గ్రంథము రచించి 1931లో ప్రకటించెను.

కాని ఆయన జీవితములోని మహాఘట్టము ఇంకను మిగిలియుండెను. అది గ్యాసు టర్బైను. నీటిని కాచి ఆవిరి చేయు బ్రహ్మాండమైన బాయిలరు లేకుండ, గాలిని నొక్కి, అందు నూనెను మండించి, ఆ వేడిగాలితోనే చక్రమును త్రిప్పుట దాని సూత్రము. 1791లోనే జాన్ బార్బర్ అను ఆంగ్లేయుడు ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందెను. అయినను నూటయేబది సంవత్సరములకు దగ్గఱగ అది విద్యుత్కేంద్రములకు పనికివచ్చు స్థితికి రాలేదు. కారణము సులభము. గాలిని నొక్కుటకు కావలసిన శక్తిని ఆ చక్రమే ఈయవలెను. పండిన పంటలో ముక్కాలు భాగము విత్తనమునకే పోయినచో రైతునకు మిగులునది ఎంత? విత్తనము కొంచెము ఎక్కువ పట్టినను, పంట కొంచెము తగ్గినను, చేతికి వచ్చునది సున్న.

బాడెన్ పట్టణములోని బ్రౌన్ బొవెరీ కర్మాగారమువారు ఈ చిక్కును విడదీసిరి. నూషాటెల్ నగరమువారి కొఱకు నిర్మించిన వారి గ్యాసు టర్బైను 1939 నాటికి సిద్ధమయ్యెను. దానిని పరీక్షించి, నిజము చెప్పువారెవరు? తయారుచేసినవారి మాట లోకము నమ్మదు. స్టొడోలా చెప్పినచో నమ్మును. ఆ సంవత్సరము జూలై 7వ తేదీన, 80 ఏండ్ల వృద్ధుడైన ఆచార్యుని ఆధ్వర్యమున పరీక్ష జరిగెను. వేడిగాలి సుమారు 550 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణముతో చక్రమును చేరెను; ఇరుసు నిమిషమునకు 3000 చుట్లు తిరిగెను. చక్రము పుట్టించిన శక్తి సుమారు 15,400 కిలోవాట్లు. అందు గాలిని నొక్కుటకు పోయినది 11,400. విద్యుత్తుగ మిగిలినది 4,000. నూనెలోని శక్తిలో నూటికి 17.38 వంతులు విద్యుత్తయ్యెను. అంకెలు చిన్నవి. కాని శతాబ్దమునకు పైగా అందని ఫలము చేతికందినదని ఆ చిన్న యంకెలే చాటెను. ఆయన ఎక్కువ చేసి చెప్పలేదు. తక్కువ చేసియు చెప్పలేదు. కొలిచినదానిని కొలిచినట్లు వ్రాసెను.

ఆ పరీక్ష ముగిసి రెండు మాసములు నిండకమునుపే రెండవ మహాయుద్ధము ప్రారంభమయ్యెను. నూషాటెల్‌లోని ఆ యంత్రము నిత్యము నడచుటకు పెట్టినది కాదు. ఇతర విద్యుత్తు ఆగిపోయినపుడు నగరమును ఆదుకొనుటకు, బాంబుల దెబ్బ తగులని చోట నిలిపిన సహాయయంత్రము. 1940లో పనిలో ప్రవేశించి, 2002 వఱకు అది కొలువు చేసెను. 1988లో అమెరికా యాంత్రిక ఇంజనీర్ల సంఘమువారు దానిని చారిత్రక చిహ్నముగ గుర్తించిరి. పని విరమించిన పిదప దానిని పారవేయక, స్విట్జర్లాండులోని బిర్ అనుచోట ప్రదర్శనకు ఉంచిరి.

స్టొడోలా 1942 డిసెంబరు 25వ తేదీన జ్యూరిచ్‌లో పరమపదించెను. ఆయన పరీక్షించిన ఆ యొక్క యంత్రమునుండి పెరిగిన వంశము నేడు లోకమంతట వ్యాపించినది. హైదరాబాదు చెంత రామచంద్రపురములోని భెల్ కర్మాగారమున గ్యాసు టర్బైనులు నిర్మింపబడినవి. 20వ శతాబ్దపు చివరి దశాబ్దమున గోదావరి తీరమున విజ్జేశ్వరము, జేగురుపాడు గ్రామములయందు గ్యాసుతో నడచు విద్యుత్కేంద్రములు వెలసినవి.

ఈనాటి గ్యాసు టర్బైనులలో తిరుగు గుండ్లకు మాఱు ఎలక్ట్రానిక్ నియామకము వచ్చినది. అయినను తూమును కలుజును వేఱుగ నుంచవలెనన్న ధర్మము మాఱలేదు. యంత్రమును నడుపు కంప్యూటరు ఒకటి; దానిపై నిఘా యుంచు రక్షణపు సర్క్యూటు బోర్డులు వేఱు. పెద్ద యంత్రములలో ఇట్టి బోర్డులు మూడు ఉండుట కలదు. ఇరుసునకు బిగించిన పండ్ల చక్రమునుండి ప్రతి బోర్డును తన సొంత సాధనముతో వేగమును తెలిసికొనును. తూము తలుపునకు కట్టిన త్రాడు తెగినపుడు కలుజు కూడ పనిచేయని ఏర్పాటును ఎవడును మెచ్చడు గదా! మూడు బోర్డులలో రెండు అపాయమని తీర్పు చెప్పినచో, రిలేలు విడిపోయి ఇంధనపు కవాటము మూసికొనును. ముగ్గురు పెద్దమనుష్యులలో ఇద్దఱి మాట చెల్లినట్లు ఇదియును. ఒక బోర్డు ఊరక బెదరినను యంత్రము నిష్కారణముగ ఆగదు. ఒక బోర్డు చెడి మిన్నకున్నను అపాయము దాగదు. అరచేతి వెడల్పు ఫలకములు కొన్ని, ఏండ్ల తరబడి పనిలేనట్లు కూర్చుండి, ఒక్క క్షణపు పనికై మేలుకొనియుండును.

ఈ ఫలకములను స్టొడోలా చూడలేదు, కల్పించలేదు. కాని నియామకము తప్పునా, తప్పదా యను ప్రశ్నను లెక్కతో తేల్చవలెనని, చక్రము ఎంతవఱకు ఓర్చునో ముందే తెలిసియుండవలెనని, తయారుచేసినవాని నమ్మకము చాలదు, కొలత కావలెనని ఆయన నేర్పిన క్రమమే వీని వెనుక నున్నది. ఆయన అస్థికలు తరువాతి కాలమున జన్మస్థలమైన లిప్టోవ్‌స్కీ మికులాష్‌కు చేర్చబడినవి. తోళ్ళ వ్యాపారి యింట పుట్టి, పరభాషలలో చదివి, తెలియనిదానిని ప్రక్కగదిలోని పండితునడిగి తెలిసికొని, తెలిసినదానిని గ్రంథముగ వ్రాసి అందఱకును పంచిన ఆ మహనీయుని చరిత్ర, గ్రంథాలయపు మెట్లెక్కు ప్రతి బాలునకును, బాలికకును మార్గదర్శకము కాగలదు.